అరుణాచలం వెళ్లేవాళ్లకు: గిరి తిరిగాక ఒక రాత్రి పడుకోండి

తెల్లవారుజామున ఆగి ఉన్న లారీని వెనక నుంచి కారు ఢీకొట్టింది. అరుణాచలం వెళ్లి తిరిగి వస్తున్న కుటుంబం. ఇలాంటి వార్త మొన్న పేపర్లో మళ్లీ వచ్చింది. మళ్లీ అని ఎందుకు అంటున్నానంటే, కొన్నేళ్లుగా పౌర్ణమి వెళ్లిన రెండో రోజు జిల్లా పేజీ తిప్పాలంటేనే నాకు భయంగా ఉంటోంది. ఊరు మారుతుంది, బండి మారుతుంది. వేళ మాత్రం మారడం లేదు, ఎప్పుడూ ఆ మూడు నుంచి ఐదున్నర మధ్యే.

కార్తీకం వస్తోంది. మా బంధువుల్లో అప్పుడే మూడు కుటుంబాలు ప్లాన్ వేసుకుని నాకు ఫోన్ చేశాయి. పదిహేనేళ్లుగా వెళ్తున్నాను కాబట్టి నన్ను అడుగుతారు. ఏ లింగం తర్వాత ఏ లింగం వస్తుంది, చెప్పులు ఎక్కడ వదలాలి, అన్నదానం ఎక్కడ పెడతారు, ఇవన్నీ యూట్యూబ్‌లో వందమంది చెబుతున్నారు. నేను అవి చెప్పను. అందరికీ చెబుతున్నది ఒక్కటే.

గిరి తిరిగాక, అంటే పౌర్ణమికి ఆ కొండ చుట్టూ ప్రదక్షిణ చేశాక, ఒక రాత్రి నిండా నిద్రపోకుండా స్టీరింగ్ ముట్టుకోకండి.

మనవాళ్ల ప్లాన్ ఎలా ఉంటుందో చూడండి. పౌర్ణమి శనివారం పడిందనుకుందాం. శుక్రవారం ఆఫీసు అయ్యాక హైదరాబాద్‌లో రాత్రి తొమ్మిదికి బయలుదేరతారు. కర్నూలు, కడప, రాయచోటి, పీలేరు మీదుగా తెల్లారి కాస్త పొద్దెక్కేసరికి కాణిపాకం. అక్కడ వినాయకుడి దర్శనం చేసుకుని, దారిలోనే కదా అని వేలూరు దగ్గర శ్రీపురం గోల్డెన్ టెంపుల్. సాయంత్రానికి తిరువణ్ణామలై, అంటే మన అరుణాచలం. ఒక గంట నడుం వాల్చి, రాత్రి పదింటికి రాజగోపురం ముందు కర్పూరం వెలిగించి మొదలుపెడితే 14 కిలోమీటర్లు, వట్టి కాళ్లతో. తెల్లవారుజామున మూడు నాలుగింటికి పూర్తవుతుంది. స్నానం చేసి క్యూలో నిలబడితే దర్శనం అయ్యేసరికి మధ్యాహ్నం. భోజనం చేసి బయలుదేరతారు, ఎందుకంటే సోమవారం ఆఫీసు.

ఇందులో బండి నడిపే మనిషి ఎన్ని గంటలు పడుకున్నాడో లెక్కపెట్టండి. శుక్రవారం రాత్రి లేదు. శనివారం రాత్రి లేదు. ఆదివారం రాత్రి మళ్లీ రోడ్డు మీదే. పోను దాదాపు 700 కిలోమీటర్లు, రాను దాదాపు 700 కిలోమీటర్లు, మధ్యలో 14 కిలోమీటర్ల నడక. ఇంట్లో ఎవరైనా మూడు రాత్రులు నిద్రపోలేదంటే వాళ్ల చేతికి స్కూటర్ తాళం కూడా ఇవ్వం. ఇక్కడ మాత్రం తల్లిదండ్రుల్నీ పిల్లల్నీ ఎక్కించుకున్న కారు ఇస్తున్నాం.

నిద్రమత్తు మందుమత్తు లాంటిదే. వరసగా 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధనలు తేల్చాయి. మన దేశంలో చట్టం అనుమతించేది 0.03 శాతమే. పైగా తాగినవాడికి తాగానని తెలుసు. నిద్ర ముంచుకొచ్చేవాడికి కళ్లు మూతపడ్డ సంగతే తెలియదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు రెప్ప వాలితే వంద మీటర్లు దాటిపోతాం. ఆ వంద మీటర్లలో వెనక లైటు లేని లారీ ఆగి ఉంటే బ్రేకు మీద కాలు కూడా పడదు.

మా సంగతి చెబుతాను. ఎనిమిదేళ్ల కిందట గిరి తిరిగి, మర్నాడు సాయంత్రం బయలుదేరాం. మా బావ నడుపుతున్నాడు. ఆయన నిద్రపోకుండా నేను ముందు సీట్లో కూర్చుని మాట్లాడుతూ ఉండాలని ఒప్పందం. గువ్వలచెరువులో ఆగి పాలకోవా తిన్నాం, టీ తాగాం, మొహాలు కడుక్కున్నాం. నిద్ర వదిలిపోయిందనుకున్నాం. ఘాట్ మలుపుల్లో ఆయన చాలా జాగ్రత్తగా నడిపాడు. ఘాట్ దిగి కడప వైపు రోడ్డు తిన్నగా అయ్యాక, ఇక భయం లేదు అనుకున్న చోట, ఇద్దరికీ ఒకేసారి కళ్లు మూతపడ్డాయి. చక్రాలు తారు దిగి కంకర మీద పడిన చప్పుడుకి లేచాం. ఎడమ పక్క చెట్టుకి, మాకు మధ్య రెండు గజాలు కూడా లేదు. వెనక సీట్లో మా అక్క, ఇద్దరు పిల్లలు. వాళ్లు లేవనే లేదు. ఆ రాత్రి మాకు టీ పనిచేయలేదు, మాటలు పనిచేయలేదు, దేవుడి దగ్గర నుంచి వస్తున్నాం కదా అన్న ధైర్యం కూడా పనిచేయలేదు. మా కాలనీలోనే ఇంకొక కుటుంబానికి ఆ కంకర చప్పుడు వినిపించలేదు. కొడుకు నడుపుతున్నాడు, తండ్రి పోయాడు. ఆ అబ్బాయి ఇప్పటికీ కారు ఎక్కడు.

అద్దె బండి మాట్లాడుకున్నాం, డ్రైవర్ ఉన్నాడు కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లే ఎక్కువ. ఆ డ్రైవర్ ఎక్కడ పడుకున్నాడో చూశారా? మనం గది తీసుకుంటాం, అతన్ని కారులో పడుకోమంటాం. పౌర్ణమి రోజు బండ్లను ఊరి బయటే ఆపేస్తారు. ఆ మైదానంలో హారన్లు, మైకులు, దోమల మధ్య ఎవరికి నిద్ర పడుతుంది? ఇంకొందరు ప్రేమగా, "నువ్వు కూడా రా బాబూ, పుణ్యం వస్తుంది" అని అతన్నీ గిరికి తీసుకెళ్తారు. మంచి మనసే, కాదనను. కానీ తీసుకెళ్తే మర్నాడు ఆ బండి కదలకూడదు. లేదా డ్రైవర్‌కి విడిగా మంచం, ఫ్యాను ఉన్న చోటు చూసి, మనం నడుస్తున్నంత సేపూ అతన్ని పడుకోనివ్వాలి. అందుకయ్యే డబ్బు మొత్తం ఖర్చులో ఎంతని?

ప్లాన్ వేసేటప్పుడే సరిచేసుకోవాల్సినవి రెండున్నాయి.

మొదటిది తేదీ. మన కార్తీక పౌర్ణమి, అక్కడ కొండ మీద మహాదీపం వెలిగించే కార్తీక దీపం ఎప్పుడూ ఒకే రోజని చాలామంది పొరబడతారు. మన నెల చంద్రుణ్ని బట్టి, తమిళుల నెల సూర్యుణ్ని బట్టి. 2024లో మన కార్తీక పౌర్ణమి నవంబర్ 15, అక్కడ కొండ మీద మహాదీపం వెలిగింది డిసెంబర్ 13న. 2025లో అవే నవంబర్ 5, డిసెంబర్ 3. దీపం రోజు ఊళ్లో కాలు పెట్టే చోటు ఉండదు, గది దొరకదు. గది దొరకనివాళ్లే ఆ రాత్రికి రాత్రి తిరుగుముఖం పడతారు. అందుకే గది చేతికొచ్చాకే తేదీ ఖాయం చేయండి. గది లేకపోతే ఆ పౌర్ణమికి వెళ్లకండి. గిరి ప్రదక్షిణ ఏ రోజైనా చేసుకోవచ్చు. మామూలు రోజున నడిచినప్పుడే కొండను తీరిగ్గా చూడగలిగానని నా అనుభవం.

రెండోది బండి. వీలైతే కారే వద్దు. కాట్పాడిలో మన వైపు నుంచి వెళ్లే రైళ్లు చాలా ఆగుతాయి. అక్కడి నుంచి వేలూరు వెళ్తే తిరువణ్ణామలైకి బస్సులుంటాయి. పౌర్ణమికి రెండు రాష్ట్రాల ఆర్టీసీలూ ప్రత్యేక బస్సులు వేస్తున్నాయి. ప్రైవేటు టూరు బస్సు అయితే డబ్బు కట్టే ముందే ఇద్దరు డ్రైవర్లున్నారా అని అడగండి. ఒక్కడే అంటే ఎక్కకండి.

కారే అంటారా, అయితే ఇవి వినండి.

- గిరి తిరిగాక ఒక రాత్రి పడుకుని, పొద్దున ఆరుకి బయలుదేరండి. సాయంత్రం బయలుదేరకండి.
- రాత్రి పన్నెండు నుంచి ఐదున్నర వరకు మీ బండి రోడ్డు మీద ఉండకూడదు. వెళ్లేటప్పుడు కూడా.
- కాణిపాకం, శ్రీపురం, తిరుపతి అన్నీ ఇదే ట్రిప్పులో కలపకండి. అవి ఎక్కడికీ పోవు.
- కిటికీ తెరవడం, పాటలు పెట్టడం, మిరపకాయ బజ్జీ నమలడం, ఇవేవీ నిద్రకు బదులు కావు.
- గడిచిన రెండు కిలోమీటర్లు ఎలా వచ్చామో గుర్తు లేకపోతే వెంటనే ఆపండి. పెట్రోలు బంకులోనో టోల్ ప్లాజా దగ్గరో ఆపండి, హైవే అంచున ఆపకండి. టీ తాగి ఇరవై నిమిషాలు పడుకోండి. అది బస దొరికే ఊరి దాకా చేరడానికి మాత్రమే, హైదరాబాద్ దాకా కాదు.
- "నాకు అలవాటే" అనేవాడికి తాళం ఇవ్వకండి.
- వెనక సీట్లో కూడా బెల్టు. పసిపిల్లల్ని ముందు సీట్లో ఒళ్లో పెట్టుకోకండి.
- ఏడుగురి బండిలో ఏడుగురే.
- షుగర్ ఉండి అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు వట్టి కాళ్లతో నడవకండి. గాయమైనా తెలియదు, వారం తర్వాత పుండై కనిపిస్తుంది. డాక్టర్‌ని అడిగి బయలుదేరండి.
- ఇన్సులిన్ వేసుకుని ఉపవాసంతో నడవకండి.
- ఎండ వేళ మొదలుపెట్టకండి. తారు కాలుతుంది.
- తుపాను హెచ్చరిక ఉంటే వాయిదా వేయండి. 2024 డిసెంబర్ 1న ఫెంగల్ తుపాను వానలకు అక్కడే కొండచరియలు ఇళ్ల మీద పడి ఏడుగురు చనిపోయారు.
- కొండ పైకి తీసుకెళ్తామనేవాళ్ల వెంట వెళ్లకండి.
- రాత్రిపూట జనం నడిచే దారి వదిలి చీకట్లోకి ఒంటరిగా పోకండి.
- పిల్లల జేబులో, పెద్దవాళ్ల జేబులో మీ ఫోన్ నంబర్ రాసిన చీటీ పెట్టండి.
- గిరి తిరిగాక ఒక రాత్రి పడుకోండి. మళ్లీ చెబుతున్నాను, పడుకోండి.
- సోమవారానికి సెలవు ఇప్పుడే పెట్టండి, వచ్చాక ఫోన్ చేసి చెబుదామని కాదు. సెలవు ఇవ్వకపోతే ఈ నెల ప్రయాణం మానుకుని, సెలవు దొరికిన నెలలో వెళ్లండి.