ఒక ఫాంటు, పది కంప్యూటర్లు: లైసెన్సు లెక్క ఎలా వేయాలి?

కొన్న ఫాంటును పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఆఫీసంతా తిప్పడం ముందు ఆపండి. మీరు డబ్బు కట్టింది దాన్ని ఇంతమంది, ఫలానా పనికి వాడుకునే అనుమతికి.

మొదట ఏ మిషన్‌లో ఏ ఫాంట్లున్నాయో రాసుకోండి. విండోస్‌లో సీ డ్రైవ్ ఫాంట్స్ ఫోల్డర్ ఒక్కటే చూసి వదిలేయొద్దు. విండోస్ 10 వెర్షన్ 1809 నుంచి యూజర్ తన ఖాతాకే వేసుకున్న ఫాంట్లు యాప్‌డేటా ఫోల్డర్‌లో లోకల్ కింద ఉంటాయి. మ్యాక్‌లో సిస్టమ్ లైబ్రరీతో పాటు యూజర్ లైబ్రరీ కూడా చూడాలి. నోటో సాన్స్ తెలుగు లాగా ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ అనే ఉచిత లైసెన్సు కింద వచ్చినవాటిని పక్కన పెట్టేయండి. వాటిని ఎన్ని మిషన్లలోనైనా వేసుకోవచ్చు, ఫాంటును విడిగా అమ్మకూడదంతే. ‘పర్సనల్ యూజ్’ అని రాసినవి మాత్రం ఆఫీసు పనికి ఉచితం కావు.

ఇక అందరూ పొరబడేది లెక్క దగ్గరే. డెస్క్‌టాప్ లైసెన్సులో, అంటే ఫాంటును కంప్యూటర్లో వేసుకుని వాడే అనుమతిలో, ముందు తేల్చాల్సింది: లెక్క మనుషులదా, మిషన్లదా? నలుగురు డిజైనర్లకు తలా ఒక డెస్క్‌టాప్, ఒక ల్యాప్‌టాప్ ఉంటే మనుషుల లెక్కలో 4, మిషన్ల లెక్కలో 8. అదే 3 మిషన్ల మీద రెండు షిఫ్టుల్లో ఆరుగురు పనిచేస్తే తారుమారు: మనుషులు 6, మిషన్లు 3. 1 నుంచి 5 వరకు అని కొన్న స్లాబులో ఆరో మనిషి చేరిన రోజే పై స్లాబుకు మారాలి, ఏడాది చివర్లో కాదు.

‘ఒకేసారి నలుగురికి మించి వాడటం లేదు కదా’ అనే వాదన నిలవదు. లైసెన్సులో ఆ వెసులుబాటు స్పష్టంగా రాసి ఉంటే తప్ప దాని మీద ఆధారపడొద్దు. ఫాంటు ఎవరి చేతికి అందుతుందో వాళ్లందరినీ లెక్కలో వేసుకోండి. అందుకే సర్వర్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లో ఫాంట్లు పెట్టకూడదు. 30 మంది తెరవగలిగే చోట 5 సీట్ల, అంటే ఐదుగురికే అనుమతి ఉన్న, ఫాంటు ఉంటే మిగతా 25 మంది గురించి అడిగినప్పుడు చెప్పడానికి ఏమీ ఉండదు.

వర్డ్ లెటర్‌హెడ్ ఇంకో గుంట. ఫాంటు డిజైనర్లకే కొంటారు, దాంతో చేసిన లెటర్‌హెడ్ అందరికీ పంపుతారు. ఉత్తరం టైప్ చేసే ప్రతి ఒక్కరూ యూజరే. ఫాంటు లేని మిషన్‌లో వర్డ్ మరో ఫాంటు పెట్టేస్తుంది, లైన్లు జారిపోతాయి, ‘ఆ ఫాంటు ఫైలొకటి పంపవా’ అని మెయిల్ మొదలవుతుంది. లెటర్‌హెడ్‌కు అన్ని మిషన్లలోనూ ఉన్న ఫాంటే వాడాలి, ఎంత చప్పగా ఉన్నా సరే.

బయటి డిజైనర్ కొన్న లైసెన్సు మీకు వర్తించదు. మీరు కొన్న ఫాంటును అతను వాడితే మీ సీట్లలోకి వస్తాడా అన్నది మీ లైసెన్సులోనే చూడాలి.

ప్రెస్సుకు ఫాంటు ఫైలు పంపకండి, పీడీఎఫ్‌లోనే ఇమిడిపోయేలా ఎంబెడ్ చేసి పంపండి. అక్రోబాట్‌లో ప్రాపర్టీస్, ఫాంట్స్ ట్యాబ్ తెరిస్తే పేరు పక్కన ‘ఎంబెడెడ్’ అనో, ‘ఎంబెడెడ్ సబ్‌సెట్’ (వాడిన అక్షరాలు మాత్రమే) అనో కనిపించాలి. ఎంబెడ్ కాకపోతే ఫాంటులోనే నిషేధం పెట్టి ఉండొచ్చు. విండోస్‌లో ఫాంటు ఫైల్ ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లో అది తెలుస్తుంది.

వెబ్‌సైటుకు, యాప్‌కు లైసెన్సులు వేరు. వెబ్ లైసెన్సును ఫాంట్లు అమ్మేవాళ్లలో చాలామంది పేజీ వ్యూలతో, అంటే పేజీ ఎన్నిసార్లు తెరిచారన్నదాన్ని బట్టి, లెక్కకడతారు.

చివరగా ఒక ఎక్సెల్ షీటు: ఫాంటు, స్టైలు, సీట్లు, ఎవరెవరి దగ్గరుంది. బోల్డు, రెగ్యులరు విడివిడిగా కొంటే విడి వరుసలు. బిల్లుతో పాటు కొన్ననాటి లైసెన్సు పాఠాన్నీ పీడీఎఫ్‌గా దాచండి, అమ్మినవాళ్ల సైట్‌లో అది తర్వాత మారిపోవచ్చు.