ఇండీ రెజ్లర్ అవ్వాలంటే: ముందు రింగు మొయ్యాలి

మనలో చాలామందికి రెజ్లింగ్ పిచ్చి ట్రంప్ కార్డులతో పట్టుకుంది. ఎత్తు, బరువు, ఛాతీ, ర్యాంకు చూసుకుంటూ స్కూల్ ఇంటర్వెల్లో ఆడుకున్న బ్యాచ్ మనది, రాత్రి టీవీలో పెడితే "అదంతా ఉత్తుత్తి కొట్లాట, కట్టేసి పడుకో" అని నాన్న చేత తిట్లు తిన్న బ్యాచ్. 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ షో పెడితే జాన్ సీనా కోసం గొంతులు పోగొట్టుకున్నది కూడా ఈ బ్యాచే. ఆ షో తర్వాత అమెరికాలో చదువుకుంటున్న తమ్ముళ్ళు ఒక నలుగురు నన్ను ఇదే అడిగారు, అన్నా మనం కూడా రెజ్లర్ అవ్వొచ్చా, ఎక్కడ మొదలుపెట్టాలి అని. విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేసారి రాస్తున్నాను.

ముందే చెప్తున్నా, నేను గొప్ప రెజ్లర్ని కాదు. టెక్సస్‌లో ఒక చిన్న స్కూల్లో తొమ్మిది నెలలు నేర్చుకున్నాను, మొత్తం 11 మ్యాచ్‌లు ఆడాను, అందులో 9 ఓడిపోయాను (అంటే ఓడిపొమ్మన్నారు, ఓడిపోయాను), మోకాలు పోయాక మూడేళ్ళు రింగ్ క్రూలో, అంటే రింగు బిగించి విప్పే జట్టులో, పనిచేశాను. అందుకే ఛాంపియన్ బెల్టుల గురించి నాకు పెద్దగా తెలీదు గానీ బెల్టు దాకా వెళ్ళే దారిలో ఎవరెవరు ఎక్కడ ఆగిపోతారో బాగా చూశాను.

ఇండీ అంటే ఇండిపెండెంట్, ఏ పెద్ద కంపెనీతోనూ ఒప్పందం లేనివాడు. ఈ శనివారం ఒక ప్రమోటర్ (షో పెట్టేవాడు), వచ్చే శనివారం ఇంకో ప్రమోటర్. హైస్కూల్ జిమ్ము, మాజీ సైనికుల హాలు, చర్చి వెనక షెడ్డు, ఎక్కడ 150 కుర్చీలు పడితే అక్కడే షో.

అన్నిటికంటే ముందు వీసా సంగతి, ఎందుకంటే మనవాళ్ళు సరదాలో పడి మర్చిపోయేది ఇదే. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్ళు మ్యాచ్ ఆడి డబ్బు తీసుకుంటే అది అనుమతి లేని ఉద్యోగం కిందకి వస్తుంది, హెచ్-1బీ (ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్ళు స్పాన్సర్ చేసిన కంపెనీకే పనిచెయ్యాలి. "నేను డబ్బు తీసుకోను కదా" అంటే సరిపోతుందనుకోకండి, జనం టికెట్ కొని వచ్చిన షోలో ఊరికే ఆడినా చిక్కు రావచ్చు. బయటి దేశాల రెజ్లర్లు ఇక్కడికి పి-1, ఓ-1 లాంటి వీసాల మీద వస్తారు. ఫీజు కట్టి నేర్చుకోవడం వేరు, షోలో కనిపించడం వేరు. రెండోదానికి ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి, నన్ను కాదు. ఇండియాలోనే ఉన్నవాళ్ళకైతే జలంధర్‌లో రెజ్లర్ గ్రేట్ ఖలీ పెట్టిన సీడబ్ల్యూఈ అనే రెజ్లింగ్ కంపెనీ ఉంది, 2015 నుంచి నడుస్తోంది, అక్కడే అకాడమీ కూడా.

స్కూలు ఎలా చూసుకోవాలి? పెద్ద పేరున్నవి ఉన్నాయి. హ్యూస్టన్ వైపు పాత డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లర్ బుకర్ టి నడిపే రియాలిటీ ఆఫ్ రెజ్లింగ్, న్యూజెర్సీలో మాన్‌స్టర్ ఫ్యాక్టరీ, అయోవాలో డావెన్‌పోర్ట్ దగ్గర బ్లాక్ అండ్ బ్రేవ్. ఈ చివరిది నడిపేవాళ్ళలో సేత్ రోలిన్స్ ఒకడు, గచ్చిబౌలిలో ఆ రాత్రి సీనా పక్కన నిలబడి ఆడినవాడే. పేరున్న చోటికే వెళ్ళాలనేం లేదు, కానీ డబ్బు కట్టేముందు ఒక క్లాసు పక్కన కూర్చుని చూస్తానని అడగండి. కుదరదు అంటే అటు నుంచి అటే వచ్చెయ్యండి. నేర్పేవాడు ఎక్కడెక్కడ ఆడాడు, వాడి దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు ఎక్కడ ఆడుతున్నారు, తలకి దెబ్బ తగిలితే ఎన్నాళ్ళు ఆపుతారు, ఈ మూడూ అడగాలి. మూడోదానికి నవ్వి ఊరుకున్నాడంటే అది స్కూలు కాదు. 2001లో కాలిఫోర్నియాలో ఒక కుర్రాడు శిక్షణలోనే తలకి దెబ్బ తగిలి చనిపోయాడు, అంతకుముందే ఒకసారి తలకి తగిలినా మళ్ళీ రింగులోకి దింపారు, తర్వాత కోర్టు ఆ కుటుంబానికి పది లక్షల డాలర్లకు పైగా ఇప్పించింది. "ఉత్తుత్తి కొట్లాట" అనేవాళ్ళకి ఈ ఒక్కటి చెప్తే చాలు.

మొదటి రెండు మూడు నెలలు మీరు ఊహించుకున్నది ఏదీ ఉండదు. గుంజీలు, దొర్లడం, తాళ్ళ మీదకి పరిగెత్తడం, పడటం. పడటాన్నే బంప్ అంటారు. వెనక్కి పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించాలి, ఊపిరి వదిలెయ్యాలి, చేతులు బారుగా చాపి అరచేతులతో నేలని చరచాలి, వీపు పైభాగం మొత్తం ఒకేసారి తగలాలి, తల మాత్రం తగలకూడదు. రింగు ట్రాంపొలీన్ ఏం కాదు. ఇనప దూలాలు, వాటి మీద చెక్కలు, పైన పల్చటి ఫోమ్, దాని మీద కాన్వాస్, అంతే. మొదటి వారం నేను చొక్కా విప్పుకోలేక రూమ్మేట్‌ని పిలిచాను. తాళ్ళు కూడా చాలాచోట్ల గొట్టం తొడిగిన ఉక్కు కేబుళ్ళే, పక్కటెముకల కింద నల్లగా కమిలిపోతుంది. దయచేసి ఇంట్లో పరుపుల మీద మొదలుపెట్టకండి, అక్కడ పడటం అలవాటైతే రింగులో అదే తప్పు చేస్తారు.

ఇక అసలు విద్య. బాడీ స్లామ్‌లో, అంటే మనిషిని ఎత్తి నేల మీద పడెయ్యడంలో, ఎత్తేవాడి బలం సగమే, మిగతా సగం ఎగిరేవాడు చేసే సాయం. అమెరికాలో హెడ్‌లాక్ (తలని చంకలో బిగించడం) ఎడమవైపు పట్టుకుంటారు, మెక్సికోలో కుడివైపు, అందుకే ముక్కూ మొహం తెలియని ఇద్దరు కూడా లాకర్ రూములో పది నిమిషాలు మాట్లాడుకుని మ్యాచ్ ఆడెయ్యగలరు. ఎదుటివాడు తన మెడ మీ చేతుల్లో పెడుతున్నాడు, మీరు మీది వాడి చేతుల్లో పెడుతున్నారు. ప్రేక్షకులు ఎన్ని చప్పట్లు కొట్టినా, "వీడితో ఆడితే దెబ్బలు తగుల్తాయి" అని ఒక్క మాట బయటికి వెళ్ళిందంటే ఫోన్ మోగదు. ఇండీల్లో బయోడేటా అంటే ఆ మాటే. రెఫరీ రెండు చేతులూ అడ్డంగా ఎక్స్ లాగా పెడితే అది మామూలుగా నాటకం కాదు, నిజంగా దెబ్బ తగిలిందని లోపలివాళ్ళకి సైగ. అది చూశాక కూడా ముందే అనుకున్న ఫినిష్ (ముగింపు) కోసం ఆడేవాడితో మళ్ళీ ఆడకండి.

మ్యాచ్ కట్టడం ఎలాగంటే, మంచివాడు ముందు కాసేపు వెలగాలి, చెడ్డవాడు అడ్డదారిలో పైచెయ్యి సాధించి చితక్కొట్టాలి, మధ్యలో ఒకటి రెండుసార్లు మంచివాడు లేవబోయి మళ్ళీ పడాలి, ఆ తర్వాత తిరగబడాలి, ముగింపు. మన సినిమాలు చూసినవాళ్ళకి ఇది నేర్పక్కర్లేదు. కానీ బండి నడిపేది ఎక్కువగా చెడ్డవాడే, అంటే హీల్. ఊళ్ళో పౌరాణిక నాటకంలో దుర్యోధనుడి వేషం కట్టినవాడు సరిగ్గా లేకపోతే ఆ రాత్రంతా ఎలా చప్పగా ఉంటుందో ఇదీ అంతే. కొత్తవాళ్ళు హీరో వేషమే కావాలని పట్టుబడతారు, నా మాట విని హీల్ చెయ్యడం నేర్చుకోండి, పని త్వరగా వస్తుంది, పైగా నవ్వుతూ తిట్లు తినడంలో ఒక మజా ఉంది.

వేషం అన్నాం కాబట్టి ఇదొకటి. ఒక ప్రమోటర్ నన్ను తలపాగా చుట్టుకుని, పాములవాడిలా బూర ఊదుతూ రమ్మన్నాడు. మాది చీపురుపల్లి, మేము తలపాగాలు పెళ్ళిళ్ళకి కూడా సరిగ్గా కట్టుకోం అని చెప్తే వాడికి అర్థం కాలేదు. చెయ్యనంటే ఆ నెల మ్యాచ్ పోయింది, చింత లేదు. ఒక్కసారి ఒప్పుకుంటే ఆ వీడియోలు చూసి పిలిచే ప్రతివాడూ అదే అడుగుతాడు. పేరు మాత్రం పొట్టిగా పెట్టుకోండి. వెంకట సుబ్రహ్మణ్యం అని జనం అరవలేరు, రెండు మూడు అక్షరాలైతే కుర్చీలు చరుస్తూ అరుస్తారు. ఆ పేరు మీ సొంతమే అయ్యుండేలా చూసుకోండి. బ్రయన్ డేనియల్సన్ అనే రెజ్లర్ పదేళ్ళు ఇండీల్లో సొంత పేరుతో తిరిగాడు, డబ్ల్యూడబ్ల్యూఈలో డేనియల్ బ్రయన్ అయ్యాడు, 2021లో ఏఈడబ్ల్యూ అనే పోటీ కంపెనీకి రాగానే మళ్ళీ పాత పేరు తీసుకున్నాడు. జనం మర్చిపోలేదంటే ఆ పదేళ్ళ పుణ్యమే.

డబ్బు సంగతి నిజం చెప్పాలంటే సిగ్గేస్తుంది. మొదట్లో సున్నా, తర్వాత 20, 30, బాగుంటే 50 డాలర్లు. ఇక్కడ పాత జోకు ఒకటుంది, జీతం ఏమిటంటే ఒక హాట్ డాగ్, ఒక షేక్‌హ్యాండ్ అని. నిజంగా హాట్ డాగ్ ఇచ్చినవాళ్ళు మంచివాళ్ళు. సంపాదన టీ-షర్టుల టేబుల్ దగ్గర ఉంటుంది. పది డాలర్లకి వేయించిన షర్టు పాతికకి అమ్మితే, ఆరు అమ్మినా 90 మిగుల్తుంది, అది మ్యాచ్ డబ్బు కంటే ఎక్కువ. అందుకని ఇంటర్వెల్లో లోపల కూర్చుని ఫోన్ చూసుకోకుండా టేబుల్ దగ్గర నిలబడండి, పిల్లలతో ఫోటో దిగండి, ఎంత హీల్ అయినా సరే, మొహం చిట్లించి దిగండి, దానికే నవ్వుతారు. యంగ్ బక్స్ అనే అన్నదమ్ములు షర్టులు అమ్ముకుంటూ ఎదిగినవాళ్ళే. వాళ్ళూ, ఇంకో రెజ్లర్ కోడీ రోడ్స్ కలిసి 2018 సెప్టెంబర్ 1న షికాగో దగ్గర ఆల్ ఇన్ అని ఒక షో పెడితే పదివేల పైచిలుకు టికెట్లు అరగంటలో అయిపోయాయి, మరుసటి ఏడాదే ఏఈడబ్ల్యూ పుట్టింది. మీకూ అలా అవుతుందని చెప్పట్లేదు. ఉద్యోగం మాత్రం మానకండి, ఎందుకంటే ఇక్కడ అందరూ 1099 (పన్ను ఫారం పేరు) కాంట్రాక్టర్లే, ఉద్యోగులు కారు, ఇన్సూరెన్స్ ఎవడూ ఇవ్వడు. మైళ్ళు రాసుకోండి, బూట్ల రసీదు దగ్గర్నుంచి దాచుకోండి, పన్నుల టైంలో పనికొస్తాయి. కెంటకీ లాంటి కొన్ని రాష్ట్రాల్లో రెజ్లర్‌కి లైసెన్స్ కూడా కావాలి, వెళ్ళేముందే కనుక్కోండి.

ప్రయాణాలు గురించి ఎక్కువ రాయను, నలుగురు ఒక కారు, 250 మైళ్ళు, రాత్రి రెండింటికి తిరుగుప్రయాణం. తర్వాత పెద్ద స్టార్ అయిన మిక్ ఫోలీ కాలేజీ రోజుల్లో న్యూయార్క్ రాష్ట్రం నుంచి పెన్సిల్వేనియాకి వారం వారం కారు నడుపుకుంటూ వెళ్ళి, కారులోనే పడుకుని నేర్చుకున్నాడు. సీనియర్ కారులో సీటు దొరికితే ఆ నాలుగు గంటలూ నోరు మూసుకుని వినండి, స్కూల్లో చెప్పనివి అక్కడ చెప్తారు.

తల గురించి ఇంకోసారి చెప్తాను, విసుక్కోకండి. హార్వర్డ్‌లో చదివి డబ్ల్యూడబ్ల్యూఈలో ఆడిన క్రిస్ నొవిన్‌స్కీ తలకి తగిలిన దెబ్బలతో ఆట మానేసి, 2007లో వీటి మీద పరిశోధన, ప్రచారం చేసే సంస్థ స్థాపించినవాళ్ళలో ఒకడయ్యాడు. మోకాలు పోతే నాలాగా రింగు మోసుకుని బతకొచ్చు. కళ్ళు తిరిగినా, వాంతి వచ్చినట్టున్నా, మ్యాచ్‌లో మధ్య భాగం గుర్తులేకపోయినా డాక్టర్ చెప్పేదాకా తాళ్ళ మధ్యకి వెళ్ళొద్దు, ప్రమోటర్ ఏమనుకున్నా అనుకోనివ్వండి.

మరి మొదటి మ్యాచ్ ఎలా వస్తుంది? వీడియోలు పంపితే రాదు, వందమంది పంపుతారు. షో మొదలవ్వడానికి నాలుగు గంటల ముందు వెళ్ళండి, లోపల ఉన్న ప్రతి ఒక్కరికీ, పాప్‌కార్న్ అమ్మే ఆవిడతో సహా, చెయ్యి కలిపి పేరు చెప్పండి, తర్వాత ట్రక్కు దగ్గరికెళ్ళి దూలాలు దించండి. షో అయ్యాక అందరూ తినడానికి పోతుంటే మీరు మళ్ళీ రింగు విప్పండి. అలా నాలుగైదు షోలు చెయ్యండి. కారు డిక్కీలో ఒక బ్యాగ్ ఎప్పుడూ ఉండాలి. అందులో బూట్లు, మోకాలి ప్యాడ్లు, టేపు, నల్ల నిక్కరు, దాంతోపాటు ఒక నల్ల ప్యాంటూ, రెఫరీ చొక్కా కూడా, ఎందుకంటే రెఫరీ రాకపోయినా మీరే దిక్కు. నా మొదటి మ్యాచ్ అలాగే వచ్చింది. దారిలో ఎవరిదో కారు ఆగిపోయింది, ఆరుంపావుకి ప్రమోటర్ ట్రక్కు దగ్గరికి వచ్చి, చేతిలో ఉన్న దూలం చూసి, "నీ దగ్గర బూట్లున్నాయా?" అన్నాడు.