భాగస్వామ్య మూల్యాంకనం, నాలుగో పాఠం: అధికారం గడిని నింపడం

ఒక కార్యక్రమం వల్ల ఏం మారిందో అందులోని ప్రజలతోనే కలిసి అంచనా వేయడం భాగస్వామ్య మూల్యాంకనం. మూడో పాఠం చివర అభ్యాసంగా ఇచ్చిన పట్టికను కందుకూరు, ఉదయగిరి, కనిగిరి, పొదిలి ప్రాంతాల నుంచి పలువురు నింపి పంపారు. ఇంట్లో ఆడవారు, మగవారిలో పని ఎవరు చేస్తున్నారు, వనరు ఎవరికి అందుతోంది అన్న మొదటి రెండు గడులను శ్రద్ధగా రాశారు. దానిపై అధికారం ఎవరిది అన్న మూడో గడిలో మాత్రం దాదాపు అందరూ "భార్యాభర్తలు ఇద్దరూ కలిసి" అనే రాశారు. ఈసారి సూచికల, అంటే మార్పును కొలిచే గుర్తుల, ఎంపిక చెప్పవలసి ఉంది. కానీ ఈ గడి ఇలా ఉండగా సూచికలు తయారుచేస్తే వాటికి ఆధారం ఉండదు కనుక, దాన్ని ఐదో పాఠానికి వాయిదా వేస్తున్నాను.

ఈ పట్టికకు మూలం 1985లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెలువరించిన విశ్లేషణ పద్ధతి. వనరును వాడుకోగలగడం, దాని గురించి నిర్ణయించగలగడం వేర్వేరని అందులో విడదీసి చూపారు. మన డ్వాక్రా సంఘాలలో ఈ తేడా రోజూ కనిపిస్తుంది. అప్పు సభ్యురాలి పేరు మీద వస్తుంది, సంతకం ఆమెది, వాయిదా కట్టే బాధ్యతా ఆమెదే. ఆ డబ్బు దేనికి ఖర్చు కావాలన్నది ఎవరు తేల్చారో తీర్మానాల పుస్తకంలో ఉండదు.

"ఇద్దరం అనుకునే తీసుకున్నామమ్మా" అని ఆమె చెప్పింది అబద్ధమని నేను అనడం లేదు. "మీ ఇంట్లో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు?" అని అడిగితే ఏ ఇల్లాలైనా ఇంటి పరువు నిలిచే జవాబే ఇస్తుంది. లోపం ఆ ప్రశ్నలో ఉంది. అలవాటును అడగకండి, చివరిసారి జరిగిన ఒక్క సంగతిని అడగండి. ఉదాహరణకు, సంఘం అప్పుతో బర్రెను కొన్న ఇల్లు తీసుకోండి. బర్రె కొందామన్న మాట మొదట ఎవరు ఎత్తారు? సంతకు ఎవరు వెళ్లి బేరం చేశారు? ఆమె వద్దని ఉంటే ఆ కొనుగోలు ఆగేదా? పాల డబ్బు ఎవరి చేతికి వస్తుంది, అందులోంచి ఆమె ఎవరినీ అడగకుండా చివరిగా ఖర్చు పెట్టింది దేనికి? పాలు పితకడం, గడ్డి కోయడం, పేడ తీయడం ఆమె వంతై, బర్రెను అమ్మేటప్పుడు మాత్రం ఆమెకు తెలిసింది బేరం కుదిరాకే అయితే, ఆ గడిలో "ఇద్దరూ" అన్న మాట నిలవదు. అట్లాగే ఆమె కాదన్నందువల్ల ఒక బేరం ఆగిపోయిన ఇల్లు కూడా మీకు తగులుతుంది. దాన్నీ అంతే కచ్చితంగా రాయండి.

ఇదే ప్రశ్నను మగవారిని విడిగా కూర్చోబెట్టి అడగాలి. రెండు జవాబులు కలవకపోతే సర్దుబాటు చేయవద్దు, రెండూ పక్కపక్కనే ఉంచండి. నేను ముద్రించిన ప్రశ్నావళి వాడను. పది చింతగింజలు ఇచ్చి, ఫలానా నిర్ణయంలో ఎవరి మాట ఎంత చెల్లిందో నేల మీద పంచి చూపమంటాను. చదువు రానివారు కూడా గింజలను జరుపుతూ పక్కవారితో వాదిస్తారు, ఆ వాదనే రాసుకోవలసిన సమాచారం.

కనిగిరి ప్రాంతం నుంచి ఫ్లోరైడ్ గ్రామాల శుద్ధజల ప్లాంట్ల గురించి రాసినవారు నీటి క్యాన్లు మోసేది ఆడవారేనని గుర్తించారు. ప్లాంటు తెరిచే వేళలను, క్యాన్ ధరను నిర్ణయించేది ఎవరో కూడా చేర్చండి.

సరైన గడి లేకపోతే ఎంత నష్టమో నెల్లూరు జిల్లా చరిత్రే చెబుతుంది. 1990ల ఆరంభంలో అక్షరాస్యత తరగతులలో కలిసి కూర్చున్న దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం జిల్లాలో సారా వేలంపాటలను అడ్డుకొని, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసింది. ఎందరు సంతకం నేర్చారన్న లెక్కతోనే ఆ కార్యక్రమాన్ని మూల్యాంకనం చేసి ఉంటే, దాని అతిపెద్ద ఫలితానికి పట్టికలో చోటే ఉండేది కాదు.

అభ్యాసం: మీ ఊళ్లో ఒక కార్యక్రమాన్ని ఎంచుకొని, ఆరు ఇళ్లలో చివరిసారి జరిగిన ఒక్కొక్క నిర్ణయాన్ని పైన చెప్పిన తీరులో అడగండి. వాటిలో భూమి లేని ఇల్లు ఒకటి, ఒంటరి స్త్రీ నడిపే ఇల్లు ఒకటి తప్పక ఉండాలి; మీ పరిధిలో యానాదుల కాలనీ ఉంటే అక్కడి ఇల్లు ఒకటి చేర్చండి. తరువాత పేర్లు తీసేసి, ఆ పట్టికను మగవారు లేని సమావేశంలో ఆ స్త్రీలకే చదివి వినిపించండి. వారు మార్చమన్న గడులను కొట్టివేతలు కనిపించేట్టు ఉంచి, మార్పుకు వారు చెప్పిన కారణాన్ని వారి మాటల్లోనే పక్కన రాసి పంపండి. ఐదో పాఠంలో సూచికలను ఆ కారణాల నుంచే తయారుచేస్తాము.