డాబా మీద ఖగోళం – 4వ పాఠం: ముందు ఏ ఐపీస్ కొనాలి?

పోయిన పాఠంలో టెలిస్కోప్ ఫైండర్‌ను (గురి చూసే చిన్న పరికరాన్ని) సరిచేసుకుని చంద్రుణ్ణి పట్టుకున్నాం. ఆ వెంటనే ఎవరికైనా పుట్టే కోరిక, ఇంకా పెద్దగా చూడాలని. డబ్బాలో వచ్చిన ఐపీసుల్లో (కన్ను పెట్టి చూసే కటకాల్లో) చిన్న అంకె ఉన్నదాన్ని తగిలిస్తాం. నేనూ అదే చేశాను. 4 మి.మీ. ఐపీస్‌లో శనిగ్రహం నీళ్లలో పడ్డ బిళ్లలా కదలాడుతూ మసగ్గా కనిపించింది. టెలిస్కోప్ పాడైందేమోనని రాత్రంతా టెన్షన్. అది బాగానే ఉంది, నేను ఎంచుకున్న ఐపీసే తప్పు.

లెక్క చూద్దాం. 130 మి.మీ. అద్దం, 650 మి.మీ. నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) ఉన్న న్యూటోనియన్ (అద్దంతో వెలుతురు పోగుచేసే టెలిస్కోప్) అనుకోండి. మీ గొట్టం మీద అంకెలు వేరైతే వాటినే వేసుకోండి. 650ని ఐపీస్ మీది అంకెతో భాగిస్తే ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో తెలుస్తుంది. 25 మి.మీ. ఐపీస్‌తో 26 రెట్లు, 10తో 65, 5తో 130.

బొమ్మ ఎంత పెద్దదైనా, అద్దం పోగుచేసిన వెలుతురు మాత్రం పెరగదు. బొమ్మ రెట్టింపైతే ఆ వెలుతురే నాలుగింతల జాగాలో పరుచుకోవాలి, అందుకే మసక. అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెండింతలు దాటితే కొత్త వివరమేదీ కనిపించదు. 130కి హద్దు 260 రెట్లు, అదీ గాలి నిలకడగా ఉన్న రాత్రే. ఎండాకాలం సాయంత్రం, కాగిన స్లాబు నుంచి వేడి లేస్తుంటే 130 రెట్ల దగ్గరే బొమ్మ ఉడుకుతున్నట్టు కదులుతుంది. కొన్ని డబ్బాల మీద '525 రెట్లు' అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. 700 మి.మీ. గొట్టానికి 4 మి.మీ. ఐపీస్, 3 రెట్ల బార్లో (ఐపీస్‌కు ముందు తగిలించి రెట్లు పెంచే కటకం) కలిపితే వచ్చే అంకె అది. ఆ టెలిస్కోప్ అద్దం 76 మి.మీ. అయితే దాని హద్దు 152. ఆ మాట నమ్మి పిల్లలకు కొనిచ్చినవాళ్లను తలచుకుంటే బాధేస్తుంది.

అందుకే నా సలహా: మొదటి డబ్బు పెద్ద అంకె ఉన్న ఐపీస్ మీద పెట్టండి. 25 మి.మీ. ప్లోసల్ చాలు. వియన్నాలో గియోర్గ్ సైమన్ ప్లోసల్ 1860లో రూపొందించిన ఈ రకంలో దాదాపు 50 డిగ్రీల వెడల్పు కనిపిస్తుంది. దాన్ని 26 రెట్లతో భాగిస్తే, ఆకాశంలో సుమారు 1.9 డిగ్రీలు. చంద్రుడి వెడల్పు అర డిగ్రీ. అంటే దాదాపు నలుగురు చంద్రుళ్లు పక్కపక్కన పట్టేంత చోటు. పిల్లలకోడి (కృత్తికలు) మొత్తం అందులో ఒదుగుతుంది. చీకటి ఊళ్లో ఆ నీలి చుక్కల్ని ఒక్కసారి చూస్తే రెట్ల మీద మోజు దానంతటదే తగ్గుతుంది. దేన్ని వెతకాలన్నా మొదలుపెట్టేది ఈ ఐపీస్‌తోనే.

రెండోది గ్రహాల కోసం. ఇక్కడ 5 లేదా 6 మి.మీ. ప్లోసల్ వద్దంటాను. ప్లోసల్‌లో గాజు నుంచి కన్ను ఉంచాల్సిన దూరం ఐపీస్ అంకెలో సుమారు 70 శాతమే. 6 మి.మీ.కి నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు. కనురెప్పలు గాజుకు తగులుతాయి, కళ్లజోడు పెట్టుకుంటే అసలు కుదరదు. దూరదృష్టికో హ్రస్వదృష్టికో అయితే జోడు తీసేసి ఫోకస్ సరిచేసుకోవచ్చు. ఆస్టిగ్మాటిజం ఎక్కువగా ఉన్నవాళ్లు మాత్రం కనీసం 15 మి.మీ. దూరం ఇచ్చే రకం అడగాలి. 66 డిగ్రీల వెడల్పున్న 6 మి.మీ. ఐపీసులు దొరుకుతాయి. వాటితో 108 రెట్లు వస్తాయి, శని వలయం గ్రహం నుంచి విడిగా కనిపిస్తుంది.

కొనేముందు మీ టెలిస్కోప్‌లో ఐపీస్ దూర్చే గొట్టం వ్యాసం చూడండి, ఇప్పుడు ఎక్కువగా 1.25 అంగుళాలు. హెచ్, ఎస్‌ఆర్ అని ఉన్నవి హైగెన్స్, రామ్స్‌డెన్ రకాలు. మన పొట్టి టెలిస్కోప్‌లో వాటితో బొమ్మ అంచులు చెదిరిపోతాయి. డబ్బాలో ఐపీస్‌కు బిగించే 'సన్' ఫిల్టర్ ఉంటే ఈ రోజే పగలగొట్టి పారేయండి. వేడికి అది చిట్లితే కన్ను పోతుంది.

అభ్యాసం: శీతకాలమైతే ఓరియన్ నక్షత్రమండలం నడుము పట్టీలో ముందుగా ఉదయించే మింటక, మిగతా రోజుల్లో దొరికితే శ్రవణం. ఆ చుక్కను ఐపీస్‌లో ఒక అంచున పెట్టి, టెలిస్కోప్‌ను కదపకుండా వదిలేయండి. భూమి తిరుగుతోంది కాబట్టి చుక్క మధ్యగా జారి రెండో అంచు దాటుతుంది. పట్టిన నిమిషాలను 4తో భాగిస్తే మీ ఐపీస్ చూపే వెడల్పు డిగ్రీల్లో వస్తుంది. 25 మి.మీ.కి ఏడున్నర నిమిషాలకు కాస్త అటూ ఇటూ రావాలి. మీ దగ్గరున్న ప్రతి ఐపీస్‌కూ చేసి నోటుపుస్తకంలో రాసుకోండి. వచ్చే పాఠంలో పటం పట్టుకుని చుక్క నుంచి చుక్కకు నడిచేటప్పుడు ఆ అంకెలు కావాలి.