చమురు బావుల చోట్లను కంప్యూటర్‌తో ఎంచుకోవడం ఎలా

ఈ పని నేర్చుకోదలచినవారు నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో అందరికీ అందుబాటులోకి తెచ్చిన ‘ఎగ్ మోడల్’తో మొదలుపెట్టడం మేలు. ఇది నిజమైన క్షేత్రం కాదు, పురాతన నదీపాయల్లో మేటవేసిన ఇసుకరాతిని అనుకరించే నమూనా. ఇందులో రాతిని 25,200 చిన్న గడులుగా విభజించగా, 18,553 మాత్రమే లెక్కలోకి వస్తాయి. చమురును నెట్టడానికి నీరు ఎక్కించే బావులు 8, చమురు తోడే బావులు 4. భూగర్భంలో చమురు, నీటి ప్రవాహాన్ని లెక్కగట్టేందుకు నార్వేలోని సింటెఫ్ సంస్థ రూపొందించిన ఉచిత సాధనం ఎంఆర్‌ఎస్‌టీతో దీన్ని నడపవచ్చు.

అన్నిటికన్నా ముందు లక్ష్యాన్ని రాసుకోవాలి. మొత్తం చమురు ఎంత వచ్చిందన్నదే లక్ష్యంగా పెడితే, పదేళ్ల తరువాత వచ్చే పీపాకూ రేపు వచ్చే పీపాకూ కంప్యూటర్ ఒకే విలువ కడుతుంది. అందుచేత చమురు ఆదాయంలోంచి నీటిని ఎక్కించే ఖర్చు, చమురుతోపాటు పైకొచ్చే నీటిని శుద్ధిచేసే ఖర్చు, తవ్వకం ఖర్చు తీసివేసి, మిగిలినదాన్ని డిస్కౌంట్ రేటుతో, అంటే తరువాత వచ్చే సొమ్ము విలువను ఏటా ఇంత శాతం చొప్పున తగ్గించి, నేటి విలువకు కుదించాలి. నా దృష్టిలో ఏ అల్గారిథమ్ వాడామన్నదానికంటే ఈ సూత్రం సరిగ్గా ఉండటమే ముఖ్యం.

నిలువు బావి ఒక్కొక్కదానికి రెండు అంకెలు, అంటే అడ్డవరుస, నిలువువరుస, చాలు కనుక 12 బావులకు 24 చలరాశులు అవుతాయి. రెండు బావుల మధ్య కనీస దూరాన్ని నియమంగా పెట్టి, లెక్కలో లేని గడిలో బావి పడితే ఆ అమరికకు జరిమానా వేయాలి.

వెతకడానికి పార్టికల్ స్వార్మ్ పద్ధతి సరిపోతుంది. ఇందులో ఒక్కో కణం ఒక్కో బావుల అమరిక; ప్రతి ఆవృత్తిలో కణాలు తమకూ గుంపుకూ అంతవరకు దొరికిన మంచి అమరికల వైపు జరుగుతాయి. అది ఇచ్చే దశాంశ విలువలను దగ్గరి పూర్ణాంకాలకు సవరించుకోవాలి.

అసలు చిక్కు భూగర్భం గురించిన అనిశ్చితి. ఎగ్ మోడల్‌లో పారగమ్యత, అంటే రాయి ద్రవాన్ని పారనిచ్చే గుణం, ఒక్కోరకంగా ఉన్న 100 ప్రతిరూపాలున్నాయి. ఒకదానిలో లాభం తెచ్చిన బావి మరొకదానిలో పాయ తప్పి బిగుసు రాతిలో పడవచ్చు. కాబట్టి అన్ని ప్రతిరూపాల మీద సగటు లాభాన్ని పెంచాలి. అయితే 40 కణాలను 100 ఆవృత్తులు నడిపితేనే ఒక్క ప్రతిరూపానికి 4,000 సిమ్యులేషన్లు, అంటే ప్రవాహాన్ని అన్నిసార్లు లెక్కగట్టాలి. వాటిని 100 ప్రతిరూపాలపై వేస్తే 4 లక్షలు. ప్రవాహ స్వభావంలో ఒకదానికొకటి భిన్నమైన 10 ప్రతిరూపాలను ఎంచుకుంటే భారం 40,000కు దిగుతుంది.

తేలిన అమరికను వెతుకులాటలో వాడని మిగతా 90 ప్రతిరూపాలపై నడిపి, నమూనాతో వచ్చిన అసలు అమరికతో పోల్చండి. సగటు పెరిగినా అతి తక్కువ లాభమిచ్చిన ప్రతిరూపాల్లో నష్టం ముదిరితే, సగటుతోపాటు ఆ నష్టానికీ లక్ష్యంలో బరువిచ్చి మళ్లీ వెతికించండి.