కౌంట్ నార్మల్ అని వచ్చినా ఈ వానాకాలం జాగ్రత్త

బ్లడ్ క్యాన్సర్‌కి బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ (ఎముక మజ్జ మార్పిడి) అయినవాళ్లు ఉన్న ఇంట్లో తొలకరి పడిందంటే టెన్షనే. రిపోర్టులో తెల్లకణాల కౌంట్ నార్మల్ అని చూడగానే మాస్కు పక్కన పెట్టేస్తారు. మా ఇంట్లోనూ అలాగే చేయబోయాం.

కౌంట్ చెప్పేది ఎన్ని కణాలున్నాయో మాత్రమే, ఎన్ని రకాలున్నాయో కాదు. తెల్లకణాల్లో ఒక జాతి అయిన టి కణాల్లో ఒక్కో రకం కొన్ని క్రిముల ఆనవాళ్లనే గుర్తుపడుతుంది. ఆరోగ్యవంతుల ఒంట్లో అలాంటి రకాలు కోట్లలో ఉంటాయి. ట్రాన్స్‌ప్లాంట్ ముందిచ్చే గట్టి కీమోతో చాలావరకు పోతాయి. తెల్లకణాల్లో మరో జాతి అయిన న్యూట్రోఫిల్స్ సాధారణంగా 2 నుంచి 4 వారాల్లో కోలుకుంటాయి. టి కణాలు మాత్రం మొదట్లో మిగిలినవో, దాత నుంచి వచ్చినవో కొద్ది రకాలే పెరిగి సంఖ్య నింపుతాయి. కొత్త రకాలు రొమ్ము ఎముక వెనకున్న థైమస్ గ్రంథిలో తయారవ్వాలి. వయసుతో అది కుంచించుకుపోతుంది కాబట్టి పెద్దవాళ్లకు ఏడాది, రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

అందుకే జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ చేరితే అర్ధరాత్రయినా డాక్టర్‌కి ఫోన్ చేసి బయల్దేరండి. ముందే పారాసిటమాల్ వేస్తే జ్వరం కనపడదు, లోపల ఇన్ఫెక్షన్ ముదురుతుంది. నడుం చుట్టూ పట్టీలా నీటి పొక్కులు లేస్తే అది సర్పి కావచ్చు. పసరు పూయించి ఊరుకోవద్దు, ఆరోజే చూపించండి.

వానకు నెమ్మెక్కి బూజు పట్టిన గోడను రోగి తోమకూడదు, ఆ గదిలో పడుకోనూ కూడదు. పాత గోడలు కొట్టే చోట దుమ్ములో ఉండే ఆస్పర్‌జిల్లస్ బూజు ఊపిరితిత్తులకు పాకుతుంది. కాచి చల్లార్చిన నీళ్లు, అప్పుడే వండిన అన్నం. బండి మీద కోసిన పండ్లు వద్దు. దోమతెర తప్పనిసరి, ఎందుకంటే ప్లేట్‌లెట్లు అంతంతమాత్రంగా ఉన్నవాళ్లకు డెంగీ చాలా ప్రమాదం.

చిన్నప్పటి టీకాల రక్షణ కూడా ట్రాన్స్‌ప్లాంట్‌తో చాలావరకు పోతుంది, మళ్లీ వేయించుకోవాలి. ఏది ఎప్పుడో మీ డాక్టర్ చెప్తారు. తట్టు, ఆటలమ్మ లాంటి బతికున్న క్రిమి టీకాలు కనీసం రెండేళ్ల దాకా వేయరు. ఇంట్లో మిగతావాళ్లంతా ఫ్లూ ఇంజెక్షన్ వేయించుకోండి. ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే కో-ట్రైమాక్సజోల్, ఎసైక్లోవిర్ మాత్రలు ఒంట్లో బాగుందని మీ అంతట మీరు ఆపకండి.