గేమింగ్ పీసీ సొంత చదువు – 4వ పాఠం: గ్రాఫిక్స్ కార్డు మార్చాల్సిన వేళ అయిందా?

పోయిన పాఠంలో గ్రాఫిక్స్ కార్డు పనితీరును అంకెల్లో చూపే ఆఫ్టర్‌బర్నర్, దాంతోపాటు వచ్చే రివాట్యూనర్ సాఫ్ట్‌వేర్లు వేసుకున్నాం. ఆట నడుస్తుండగా తెర మూలన జీపీయూ (కార్డులోని అసలు చిప్పు) వాడకం, కోర్ క్లాక్ (ఆ చిప్పు నడిచే వేగం), జీపీయూ వేడి, వీర్యామ్ (కార్డు సొంత మెమరీ), ర్యామ్, ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు), 1% లోస్ (అన్నిటికంటే నెమ్మదైన ఒక్క శాతం ఫ్రేముల ఎఫ్‌పీఎస్), వాటి కింద ఫ్రేమ్ టైమ్ (ఒక్కో ఫ్రేముకు పట్టే సమయం) గీత కనబడేలా పెట్టుకున్నాం. మీరు ఎక్కువగా ఆడే ఆటలో ఒకే చోటు నుంచి ఒకే దారిలో రెండు నిమిషాలు నడిచి, మూడుసార్లు ఆ అంకెలు రాసుకోమన్నాం. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఈ పాఠమంతా దాని మీదే.

కార్డు వయసు చూసి తీర్పు చెప్పకూడదు. జీటీఎక్స్ 1060 వచ్చింది 2016 జూలైలో. వాలరెంట్ లాంటి తేలికపాటి ఆటలే ఆడేవాళ్లకు 1080పీలో (1920×1080 పిక్సెళ్ల తెర) దాంతో ఇప్పటికీ లోటు లేదు. కొత్తగా వచ్చే పెద్ద ఆటలు ఆడదామనుకునేవాళ్లకు అదే కార్డు గుదిబండ. కాబట్టి తేల్చుకోవాల్సినవి రెండు: ఆటను వెనక్కి లాగుతున్నది నిజంగా కార్డేనా? అయితే, కొత్తది పెట్టాక మిగతా పీసీ దాన్ని ఎంతదాకా పోనిస్తుంది? రెండోదాన్ని చాలామంది అడగరు. డబ్బు పోయేది అక్కడే.

లెక్కలు చేసుకోవడానికి ఒక నమూనా పీసీ పెట్టుకుందాం: కోర్ ఐ5-8400, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, జీటీఎక్స్ 1060 6 జీబీ, 450 వాట్ల పవర్ సప్లై, 60 హెర్ట్జ్ 1080పీ మానిటర్.

ముందు వేడి, తర్వాతే ఎఫ్‌పీఎస్

కాగితంలో మొదట కోర్ క్లాక్, వేడి చూడండి. జీటీఎక్స్ 1060 బేస్ క్లాక్ (మామూలు వేగం) 1506 మెగాహెర్ట్జ్, బూస్ట్ (పెంచుకునే వేగం) 1708. కేసులో గాలి బాగా ఆడుతుంటే బూస్ట్ దాటి కూడా నడుస్తుంది. 83 డిగ్రీలు తాకగానే తనంతట తనే క్లాక్ తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. జీపీయూ వాడకం 99 శాతం, వేడి 83, క్లాక్ మాత్రం 1500 దగ్గర తచ్చాడుతోంది అంటే మీ కార్డు పాతబడలేదు, దానికి ఊపిరాడటం లేదు.

గది వేడిని కూడా పక్కనే రాసుకోండి. మనకు కావాల్సింది తేడా. జనవరిలో గది 25, కార్డు 70 ఉంటే తేడా 45. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో గది 38కి చేరితే ఆ కార్డే 83కి వస్తుంది. చలికాలంలో నున్నగా నడిచిన ఆట ఎండాకాలంలో కుదుపులిచ్చిందంటే కారణం చాలాసార్లు ఇదే. తేడా 50 దాటితే కార్డు విప్పి శుభ్రం చేయాల్సిందే.

పీసీ ఆపి, వెనక పవర్ కేబుల్ తీసి, స్టార్ట్ బటన్‌ను పది సెకన్లు నొక్కి ఉంచండి. కార్డు వెనక స్లాట్ చివర ఉన్న లాచ్ నొక్కి, స్క్రూలు తీసి, కార్డును నిటారుగా లాగండి. మెత్తని పెయింటింగ్ బ్రష్‌తో హీట్‌సింక్ (చిప్పు వేడిని లాగే లోహపు దిమ్మ) రెక్కల మధ్య దుమ్ము రాల్చి, బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టి ఉంచాలి. వదిలేస్తే అది మామూలు వేగాన్ని మించి తిరిగి బేరింగ్ పాడవుతుంది. దుమ్ము పోయినా తేడా తగ్గకపోతే, వారంటీ ముగిసిన కార్డయితే, చిప్పుకు హీట్‌సింక్‌కు మధ్య పూసే థర్మల్ పేస్ట్ మార్చొచ్చు. హీట్‌సింక్ నాలుగు స్క్రూలను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా వదులు చేయండి. మెమరీ చిప్పుల మీద ఉన్న ప్యాడ్లు చిరిగితే అంతే మందం ఉన్నవే వేయాలి. అర మిల్లీమీటరు మందం ఎక్కువైనా హీట్‌సింక్ అసలు చిప్పుకు ఆనదు. పేస్ట్ ఎంత మంచిదైనా వేడి ముందుకంటే పెరిగేది అందుకే.

శుభ్రం చేశాక మళ్లీ అదే దారిలో మూడుసార్లు కొలవండి. ఇకపై వాడాల్సినవి ఈ కొత్త అంకెలే.

పైకప్పు పరీక్ష

ఈ పాఠంలో ఒక్కటే నేర్చుకుంటానంటే ఇది నేర్చుకోండి. పావుగంట పని, పైసా ఖర్చు లేదు.

మొదట వీ-సింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్), ఎఫ్‌పీఎస్ లిమిట్ రెండూ ఆపేయండి. అవి ఆన్‌లో ఉంటే కార్డు 60 ఫ్రేములు ఇచ్చి కాలు చాపుకుని కూర్చుంటుంది. వాడకం 60 శాతమే కనబడుతుంది, లెక్కంతా తారుమారవుతుంది.

నమూనా పీసీలో ఒక ఆట 1080పీ, హై సెట్టింగ్స్‌లో 44 ఎఫ్‌పీఎస్, 1% లోస్ 33, జీపీయూ వాడకం 98 శాతం చూపించిందనుకోండి. ఇప్పుడు రిజల్యూషన్ ఒక్కటే 1280×720కి దించండి. వ్యూ డిస్టెన్స్, జనం సాంద్రత, షాడోస్ వేటినీ ముట్టుకోవద్దు, ఎందుకంటే వాటిలో కొన్ని ప్రాసెసర్ మీద కూడా భారం వేస్తాయి. రిజల్యూషన్ తగ్గిస్తే ప్రాసెసర్ పని దాదాపు అంతే ఉంటుంది. కార్డు గీయాల్సిన పిక్సెళ్లు మాత్రం 20,73,600 నుంచి 9,21,600కి పడిపోతాయి. మళ్లీ అదే దారిలో నడవండి.

ఎఫ్‌పీఎస్ 82కి ఎగిరి, జీపీయూ వాడకం 68 శాతానికి దిగిందనుకోండి. కార్డు ఖాళీగా ఉండి ఎదురుచూస్తోంది, ప్రాసెసర్ అంతకుమించి ఫ్రేములు తయారుచేసి ఇవ్వలేకపోతోంది. ఆ 82 మీ పీసీకి పైకప్పు. ఈ ఆటలో ఎంత ఖరీదైన కార్డు తెచ్చి పెట్టినా ఇవే సెట్టింగ్స్‌లో 82 దాటదు. రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారి లెక్కగట్టి వెలుగునీడలు గీసే పద్ధతి) ఆన్ చేస్తే ప్రాసెసర్ మీద ఇంకొంత బరువు పడి ఆ పైకప్పు ఇంకా కిందికి దిగుతుంది. 720పీలో కూడా జీపీయూ వాడకం 95 పైనే ఉంటే పైకప్పు ఇంకా కనబడలేదని అర్థం. రెండర్ స్కేల్‌ను (తెర రిజల్యూషన్‌లో ఎంత శాతం గీయాలో చెప్పే సెట్టింగ్) 50 శాతానికి దించి మళ్లీ చూడండి.

ఇంకో రకం ఫలితం కూడా రావచ్చు. 1080పీలో 44, 720పీలో 47, రెండుసార్లూ జీపీయూ వాడకం 55 శాతం. ఇక్కడ కార్డు నిర్దోషి. టాస్క్ మేనేజర్ తెరిచి ప్రాసెసర్ 45 శాతమే వాడుతోంది కదా అని మోసపోవద్దు. అది ఆరు కోర్ల సగటు. ఆట ప్రధాన థ్రెడ్ ఒక కోర్‌ను నూటికి నూరు తినేస్తూ, మిగిలినవి సగానికి పైగా ఖాళీగా ఉన్నా సగటు అలాగే కనబడుతుంది. ఇలాంటప్పుడు ముందు ర్యామ్ చూడండి. 8 జీబీ ఒకే స్టిక్ అంటే రెండు లోట్లు: చోటు చాలదు, పైగా మెమరీ ఒకే ఛానెల్‌లో నడుస్తుంది. అదే వేగంతో మరో 8 జీబీ స్టిక్ వేస్తే రెండూ తీరతాయి. నాలుగు స్లాట్ల బోర్డయితే మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి 2, 4 స్లాట్లలో పెట్టాలి. పక్కపక్కన 1, 2లో పెడితే చాలా బోర్డుల్లో చోటు పెరుగుతుంది గానీ డ్యూయల్ ఛానెల్ రాదు. తర్వాత పరీక్ష మళ్లీ చేయండి. ఒక్క ర్యామ్ స్టిక్‌తో తీరే జబ్బుకు కార్డు కొనడం చూస్తే బాధేస్తుంది, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాం.

వీర్యామ్ నిండితే ఎలా తెలుస్తుంది

సగటు ఎఫ్‌పీఎస్ ఈ జబ్బును పట్టివ్వదు. ఫ్రేమ్ టైమ్ గీత చూడండి. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. 50 ఎఫ్‌పీఎస్‌తో నడుస్తున్న ఆటలో గీత 20 దగ్గర సాపుగా పోతూ, కెమెరా గిర్రున తిప్పినప్పుడో కొత్త వీధిలోకి మలుపు తిరిగినప్పుడో ఒక్కసారిగా 80, 90కి ముల్లులా లేస్తుంది. అదే క్షణాన గోడ మీద బొమ్మ మసకగా ఉండి, రెండు సెకన్ల తర్వాత తేటపడుతుంది. కార్డు మెమరీలో చోటు లేక, కావాల్సిన టెక్స్చర్‌ను (గోడలు, వస్తువుల మీద అతికే బొమ్మ) మామూలు ర్యామ్ నుంచి తెప్పించుకుంటోందన్నమాట.

రుజువు తేలిక. టెక్స్చర్ క్వాలిటీ ఒక్కటే ఒక మెట్టు దించి, ఆటను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. సగటు పెద్దగా మారకుండా ముళ్లు మాయమైతే కొరత వీర్యామ్‌దే. ముళ్లు అలాగే ఉంటే ర్యామో, హార్డ్ డిస్కో చూడాలి. టెక్స్చర్లు కార్డు వేగాన్ని పెద్దగా తినవు, చోటును తింటాయి. అందుకని వీర్యామ్ చాలినంత ఉన్నవాళ్లు ఎఫ్‌పీఎస్ కోసం టెక్స్చర్లు తగ్గించడం దండగ. షాడోస్, వాల్యూమెట్రిక్ ఫాగ్, రిఫ్లెక్షన్స్ మీడియంకు దించండి, ఫలితం అక్కడ ఉంటుంది.

ఆట ఎఫ్ఎస్‌ఆర్ 2 (చిన్నగా గీసి తెరకు తగ్గట్టు పెంచే పద్ధతి) ఇస్తుంటే క్వాలిటీ మోడ్ వాడి చూడండి, అది పాత కార్డుల మీదా పనిచేస్తుంది. 1080పీలో క్వాలిటీ మోడ్ అంటే లోపల 1280×720 గీసి పెంచడం. గడ్డిపోచలు, కరెంటు తీగలు కాస్త మిణుకుతాయి, అంతవరకు ఓర్చుకోవచ్చు. పర్ఫార్మెన్స్ మోడ్ లోపల 960×540 మాత్రమే గీస్తుంది. 1080పీ మానిటర్ మీద దాన్ని సిఫారసు చేయం.

ఇవన్నీ చేశాక ఎఫ్‌పీఎస్ 60 దగ్గరగా ఉండి 1% లోస్ 48 పైన ఉంటే, మీ కార్డుకు ఇంకో ఏడాది ఆయుష్షుంది. కొనకండి.

అంకెలతో పనిలేని గడువులు

కొన్నిసార్లు వేగంతో నిమిత్తం లేకుండానే కార్డు కాలం తీరుతుంది. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్, 2025 మేలో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ రెండింటికీ రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ ఉన్న కార్డు తప్పనిసరి. జీటీఎక్స్ 1060 మీద సెట్టింగ్స్ ఎంత దించినా లాభం లేదు. జీటీఎక్స్ 10 సిరీస్‌కు కొత్త ఆటల కోసం తెచ్చే గేమ్ రెడీ డ్రైవర్లను 2025 అక్టోబరుతో ఆపేస్తామని, ఆ పైన 2028 అక్టోబరు దాకా మూడు నెలలకోసారి భద్రతా అప్‌డేట్లు మాత్రమే ఇస్తామని ఎన్విడియా ప్రకటించింది. ఇప్పుడు ఆడుతున్న ఆటలు దీనివల్ల ఆగిపోవు. రాబోయే ఆట కోసం ఎదురుచూస్తున్నవాళ్లు మాత్రం దాని కనీస అవసరాల్లో ‘రే ట్రేసింగ్’ అన్న మాట ఉందేమో ముందే చదవండి.

కొత్త కార్డుకు పెట్టె సిద్ధంగా ఉందా

నమూనా పీసీకే వద్దాం. 44 ఎఫ్‌పీఎస్, పైకప్పు 82, మానిటర్ 60 హెర్ట్జ్. 30 శాతం మెరుగైన కార్డు పెడితే 57 వస్తుంది, అంటే డబ్బు పెట్టి కూడా గమ్యం చేరం. ఆర్టీఎక్స్ 4060 స్థాయి కార్డు 1060 కంటే రెట్టింపు పైనే ఇస్తుంది. 44 రెట్టింపు 88, పైకప్పు దగ్గర ఆగి 82. 60 హెర్ట్జ్ మానిటర్‌కు అది పుష్కలం. అంతకంటే పెద్ద కార్డు ఈ ప్రాసెసర్ పక్కన పెట్టడం వృథా. 144 హెర్ట్జ్ మానిటర్ ఉండి 120 కావాలంటే మార్చాల్సింది కార్డు ఒక్కటే కాదు, ప్రాసెసర్, బోర్డు కూడా. ఆ ఖర్చంతా కలిపి లెక్క వేసుకోండి.

కరెంటు లెక్క: జీటీఎక్స్ 1060 120 వాట్లు, ఆర్టీఎక్స్ 4060 115 వాట్లు. ప్రాసెసర్‌కు 65, బోర్డు, డిస్కులు, ఫ్యాన్లకు 60 కలిపినా 240 దగ్గరే. ఎన్విడియా 4060కి 550 వాట్ల సప్లై సూచించినా, మంచి కంపెనీది, మరీ పాతబడనిది అయితే 450 సరిపోతుందనే మా అభిప్రాయం. కానీ కేబుల్ చూసుకోండి. 1060కి 6 పిన్ చాలు. 4060 కార్డుల్లో ఎక్కువవాటికి 8 పిన్ కావాలి. సప్లై నుంచి వచ్చే కేబుల్ 6+2 (6 పిన్ల పక్కన విడిగా మరో 2) అయితే ఇబ్బంది లేదు. 6 పిన్ మాత్రమే ఉంటే, డిస్కులకు కరెంటిచ్చే సాటా కనెక్టర్ నుంచి 8 పిన్‌కు మార్చే అడాప్టర్ ఎంత చవగ్గా దొరికినా కొనకండి. సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద 54 వాట్లకు మించి మోయలేదు, 8 పిన్ 150 వాట్ల దాకా లాగొచ్చు. ప్లాస్టిక్ కరిగి మంటలు లేచేది అక్కడే. ఇంట్లో 600 వీఏ యూపీఎస్ ఉంటే అది సాధారణంగా మోసేది 360 వాట్లు. మానిటర్‌ను కూడా కలిపి కూడండి, లేకపోతే కరెంటు పోయిన క్షణాన ఆట మధ్యలో పీసీ కూడా పోతుంది.

స్లాట్ దగ్గర ఒక జాగ్రత్త. ఐ5-8400 బోర్డులో కార్డు గుచ్చే స్లాట్ పీసీఐఈ 3.0 తరానిది. ఆర్టీఎక్స్ 4060 ఎనిమిది లేన్లే (డేటా నడిచే దారులు) వాడినా 3.0 మీద నష్టం మామూలుగా స్వల్పం. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ నాలుగే లేన్లు, 4 జీబీయే మెమరీ, 3.0 బోర్డు మీద అది బాగా చతికిలబడుతుంది. ఇంటెల్ ఆర్క్ బీ580 12 జీబీతో ఊరిస్తుంది గానీ రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ వీర్యామ్ మొత్తాన్ని ఒకేసారి అందుకునే వీలు) లేకపోతే దాని సత్తా బయటికి రాదు, దానికి ఇంటెల్ అడిగేది 10వ తరం ప్రాసెసర్ నుంచి. ఈ పీసీకి వద్దు.

చివరగా వెనక పోర్టులు. 1060లో డీవీఐ ఉండేది, కొత్త కార్డుల్లో హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే. మానిటర్‌కు వీజీఏ ఒక్కటే ఉంటే, లోపల చిప్ ఉన్న హెచ్‌డీఎంఐ–వీజీఏ కన్వర్టర్ కావాలి.

ఇంటిపని

వేడి తేడా, పైకప్పు, వీర్యామ్ ముళ్లు, ఈ మూడు పరీక్షలూ మీరు ఆడే మూడు ఆటల్లో చేసి ఒకే పట్టికలో రాయండి. కేసు తెరిచి, వెనక స్లాట్ పట్టీ నుంచి ముందు ఫ్యాన్ దాకా టేపుతో మిల్లీమీటర్లలో కొలవండి. మూడు ఫ్యాన్ల కార్డులు కొన్ని 300 దాటి ఉంటాయి. సప్లై పక్కన అంటించిన లేబుల్‌ను ఫోన్‌తో ఫోటో తీసుకోండి, 12 వోల్టుల గడిలో ఆంపియర్లు స్పష్టంగా కనబడాలి. 5వ పాఠంలో ఈ పట్టికను పట్టుకుని కార్డు ఎంచుకోవడం, సికింద్రాబాద్ సీటీసీ లాంటి మార్కెట్లో సీరియల్ నంబర్ బిల్లు మీద రాయించుకోవడం, వాడిన కార్డును ఇరవై నిమిషాల్లో పరీక్షించడం, పాత డ్రైవర్ తుడిచి కొత్తది బిగించడం చూద్దాం.